చదును చేసే ముందు

హైదరాబాద్ చుట్టూ తిరిగే 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డులో ఆఖరి ముక్క అతుక్కున్నది కండ్లకోయ దగ్గరే. 2018లో ఆ జంక్షన్ తెరిచాకే వలయం పూర్తయింది. 2022లో అక్కడే గేట్‌వే ఐటీ పార్కుకు శంకుస్థాపన చేశారు. తర్వాతి సంగతి మేడ్చల్ హైవే మీది హోర్డింగులు చెబుతాయి. ఎకరాల్లో మాట్లాడుకున్న ఊళ్లు గజాల్లోకి దిగాయి. ఎకరం గజాలుగా మారే మధ్యలో ఒక పని జరుగుతుంది, దాన్ని చదును అంటారు. జేసీబీ వస్తుంది. గుండ్లను ఓ పక్కకు తోస్తుంది, మిట్ట కోసి పల్లం పూడుస్తుంది, మొరం పరుస్తుంది, వెనకాలే రోలర్ తిరుగుతుంది. అంతా కలిపి రెండు మూడు రోజుల పని. సర్వేయరు వచ్చి హద్దురాళ్లు పాతేటప్పటికి అక్కడ అంతకుముందు ఏముండేదో చెప్పగలిగేది ఏదీ మిగలదు.

పురావస్తు సంరక్షణ అంటే మన కళ్ల ముందు మెదిలేవి గోల్కొండ, చార్మినార్, రామప్ప. వాటికి కావలివాళ్లున్నారు, టికెట్ కౌంటర్లున్నాయి, పగులు కనిపిస్తే పేపర్లో ఫోటో పడుతుంది. అసలు నష్టం జరుగుతున్నది ఆ రెండు మూడు రోజుల చదునులో, అదీ ఏ జాబితాకూ ఎక్కని బీడు భూముల్లో.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట మీదుగా కీసర దాకా అంతా గ్రానైటు నేల. అడుగున సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి, పైన పలచగా ఎర్రమట్టి, మొరం, అక్కడక్కడ తేలిన గుండ్లు. ఇలాంటి నేలమీద, గుట్ట వాలులో, చెరువుకు కాస్త ఎగువన, తెలంగాణ అంతటా రాతి వలయాలు కనిపిస్తాయి. పెద్ద గుండ్లను గుండ్రంగా పేరుస్తారు. అడ్డం ఐదారు మీటర్ల నుంచి పది పన్నెండు మీటర్ల దాకా ఉంటుంది. మధ్యలో చిన్నరాళ్ల కుప్ప. కుప్ప తీస్తే గుంత, గుంతలో రాతి పలకలు నిలబెట్టి కట్టిన పెట్టె, దానిమీద మూతబండ. లోపల ఎముకలు, లోపలి వైపు నల్లగా బయట ఎర్రగా కాలిన మట్టిపాత్రలు, ఇనుప బాకులు, బాణపు మొనలు, గొడ్డళ్లు, కొడవళ్లు, ఒక్కోసారి పూసలు. ఊళ్లల్లో వీటిని రాకాసి గుళ్లు అనో, పాండవుల గుళ్లు అనో అంటారు. పుస్తకాల్లో బృహత్ శిలా సమాధులు. దక్షిణాదిన ఇనుము వాడకం మొదలైన కాలానివి. సుమారు క్రీ.పూ. 1200 నుంచి క్రీస్తు శకం తొలి శతాబ్దాల వరకు కట్టారని చాలాకాలంగా చెప్పుకుంటున్న లెక్క.

సహజంగా పడి ఉన్న గుండ్లకూ, మనిషి పేర్చినవాటికీ తేడా పట్టడం కష్టమేమీ కాదు. ఎండకూ వానకూ గ్రానైటు ఉల్లిపొరల్లా వలుచుకుపోయి గుండ్రబడుతుంది. అలా తయారైన గుండ్లు ఒకదాని మీద ఒకటి కుప్పగా ఉంటాయి, అడుగు బండ మీద ఆనుకుని ఉంటాయి. పేర్చినవి ఇంచుమించు ఒకే సైజులో, ఇంచుమించు సమదూరంలో, మట్టిలో కొంత దిగి ఉంటాయి. మధ్య భాగం చుట్టుపక్కల నేలకన్నా కాస్త ఉబ్బుగా ఉంటుంది. ఎవరైనా నిధి కోసం తవ్వి ఉంటే మధ్యలో గొయ్యి పడి ఉంటుంది.

ఆ కాలపువాళ్లు చచ్చినవాళ్లకు సాగునేల ఇవ్వలేదు. నాగలి దిగని మొరం మిట్ట, రాయి చేతికందే చోటు, నీటికి మరీ దూరం కాని చోటు చూసుకున్నారు. తర్వాత వేల ఏళ్లపాటు ఆ నేలను ఎవరూ దున్నలేదు కాబట్టే అవి మిగిలాయి. దున్నలేదు కాబట్టే నిజాం సర్వేలో అలాంటి నేల గైరానుగా, పోరంబోకుగా సర్కారు పద్దులో పడింది. ఆ పద్దులో పడింది కాబట్టే ఇవాళ డంపింగ్ యార్డుకైనా, క్వారీకైనా, కంపెనీకైనా, ఇళ్ల స్థలాలకైనా మొదట చెయ్యి వెళ్లేది దానిమీదికే. ఇంతకాలం కాపాడిన కారణమే ఇప్పుడు కొంప ముంచుతోంది.

నగరం ఈ సమాధుల మీదుగా పెరగడం కొత్త కాదు. మౌలాలిలో నిజాం కాలంలోనే తవ్వకాలు జరిగాయి. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రాంగణం లోపలే ఇనుపయుగపు స్థలం బయటపడింది. కండ్లకోయకు దక్షిణంగా, సూటిగా కొలిస్తే పదిహేను కిలోమీటర్ల లోపే, ఓల్డ్ బోయిన్‌పల్లి పక్కన హష్మత్‌పేట సమాధులున్నాయి. వీటి గురించి రాయడం మొదలైంది కూడా వందేళ్ల కిందటే. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖ పెట్టి గులాం యజ్దానీని అధిపతిగా వేసింది. నిజాం రైల్వేలో వైద్యుడైన ఇ.హెచ్. హంట్ 1916లో హైదరాబాద్ పురావస్తు సంఘం పత్రికలో ఈ రాళ్లకుప్పల చిక్కుముళ్ల గురించి వ్యాసం రాశాడు. భువనగిరి దగ్గర రాయగిరిలో సమాధులు తెరిచి చూసిన మనిషి ఆయన. మరుసటి ఏడు యజ్దానీ, అక్కడి కుండలపెంకుల మీద గీతల గుర్తులున్నాయనీ, అవి ఊరికే గీసినవి కావనీ రాశాడు. ఆ రోజుల్లో వాళ్లకు ఈనాటి సాధనాలు లేవు. కొలిచి రాసిపెట్టారు కాబట్టే ఇవాళ మనం రాయగిరి గురించి మాట్లాడగలుగుతున్నాం.

ఇక్కడ చాలామందికి వచ్చే సందేహం ఒకటుంది. పాత్రలు, ఇనుప సామాన్లు తీసి మ్యూజియంలో పెడితే సరిపోదా, నేలను పట్టుకు వేలాడటం ఎందుకు? సరిపోదు. ఎందుకో తెలియాలంటే తవ్వకం ఎలా సాగుతుందో దగ్గరగా చూడాలి.

వలయం నడిమికి అడ్డంగా ఒక తాడు, నిలువుగా ఒక తాడు కట్టి నాలుగు పావులు చేస్తారు. ముందు ఎదురెదురుగా ఉన్న రెండు పావులే తవ్వుతారు. పావుకూ పావుకూ మధ్య తవ్వకుండా గట్టు వదులుతారు. పైకుప్పలో రాళ్లు ఒక్కొక్కటీ గీసుకుని, నంబరు వేసుకుని తీస్తారు. తర్వాత చిన్న తాపీతో, కుంచెతో మట్టి గీకుతూ దిగుతారు. తీసిన మట్టినంతా జల్లెడ పడతారు. ఒక్కో పావు దిగుతుంటే వదిలిన గట్టు పక్క గోడలా తేలుతుంది. చూడాల్సింది ఆ గోడను. నీళ్లు చిలకరిస్తే రంగులు విడిపడతాయి: ఇది తవ్విన గుంత అంచు, ఇది పూడ్చిన మట్టి, ఇది పూడ్చాక వానకు దిగిన బురద, ఇక్కడ బొగ్గు మరక. గుంత అంచును ఇంకో గుంత కోసుకుంటూ పోయి ఉంటే సమాధిని రెండోసారి తెరిచారన్నమాట. పాత్రలు పెట్టె లోపల ఉన్నాయా, పెట్టె బయట పూడ్చిన మట్టిలో ఉన్నాయా అన్నదాన్ని బట్టి కర్మ ఎన్ని దఫాలుగా జరిగిందో తెలుస్తుంది. పొరలు చూస్తూ గట్లు వదిలి తవ్వే ఈ క్రమశిక్షణను దక్షిణాదికి అలవాటు చేసినవాడు మార్టిమర్ వీలర్. 1945లో అరికమేడులో, 1947లో కర్ణాటక బ్రహ్మగిరిలో ఆయన తవ్వకాలు నడిపాడు. ఇక్కడి బృహత్ శిలా సమాధులకు కాలక్రమంలో ఒక చోటు కుదిర్చింది బ్రహ్మగిరి తవ్వకమే.

ఆ గోడలో చెంచాడు మట్టి చాలు, రాళ్లు ఎప్పుడు పేర్చారో పట్టుకోవచ్చు. ఈ పద్ధతికి ఓఎస్ఎల్ అని పొట్టిపేరు. గ్రానైటు అరిగితే వచ్చే ఇసుకలో క్వార్ట్జ్ రేణువులు దండిగా ఉంటాయి. చుట్టూ మట్టిలో ఉన్న పొటాషియం, యురేనియం, థోరియం నుంచి నిత్యం వెలువడే కొద్దిపాటి రేడియేషన్ వల్ల ఆ రేణువుల్లోని లోపాల దగ్గర ఎలక్ట్రాన్లు చిక్కుకుపోతుంటాయి. ఏడాదికేడాది పోగవుతుంటాయి. ఎండ తగిలిందంటే క్షణాల్లో ఖాళీ. అంటే బండ కింద చీకట్లో పడిన రేణువుకు, ఆ బండ పెట్టిన రోజు నుంచీ లెక్క మొదలవుతుంది. వెలుతురు పడకుండా ఇనుప గొట్టాన్ని గోడలోకి కొట్టి, మూతులు బిగించి, ల్యాబ్‌లో మసక ఎర్ర దీపం కింద తెరుస్తారు. రేణువుల మీద కాంతి వేసి, తిరిగి వచ్చే మెరుపును కొలుస్తారు. ఆ చుట్టుపక్కల మట్టి ఏడాదికి ఎంత రేడియేషన్ ఇస్తుందో తెలుసుకుని భాగిస్తే వయసు వస్తుంది.

హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలోని స్థలంలో ఆచార్య కె.పి. రావు బృందం ఈ పద్ధతితో తీసిన తేదీలు ఇనుము వాడకాన్ని క్రీ.పూ. 2000కు అవతలికి తోశాయి. 2025లో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించిన శివగళై తవ్వకాల తేదీలు ఇంకా వెనక్కి, క్రీ.పూ. నాలుగో సహస్రాబ్ది దాకా వెళ్లాయి. ఒప్పుకోనివాళ్లు ఉన్నారు, ఉండాలి కూడా. ఆ వాదం తేలేది వ్యాసాలతో కాదు. కదలని మట్టి మరో పది చోట్ల దొరికితే తేలుతుంది. జేసీబీ బకెట్ ఒక్కసారి ఆ మట్టిని తిరగేసిందా, ఎండ తగిలి రేణువుల్లో పోగైనదంతా ఖాళీ అవుతుంది. వేల ఏళ్ల లెక్క ఆ మధ్యాహ్నం నుంచి మళ్లీ మొదలు. బొగ్గు ముక్కలకు వేరే పద్ధతి ఉంది, 5,730 ఏళ్లకు సగమయ్యే కార్బన్-14ను కొలవడం. కొన్ని మిల్లీగ్రాములున్నా చాలు. కానీ ఆ బొగ్గు ఏ పొరలోదో తెలియకపోతే వచ్చే తేదీ దేని తేదీ? పక్కింటివాళ్లు పోయినేడు కాల్చిన చెత్తది కాదని ఎవరు చెప్పాలి?

ఎముకల విషయంలో మన నేల దయలేనిది. గ్రానైటు మీది ఎర్రమట్టికి కాస్త ఆమ్లగుణం ఉంటుంది. వాననీరు దిగి ఆరి, దిగి ఆరి ఎముకలోని ఖనిజాన్ని కరిగిస్తుంది. వేడికి డీఎన్ఏ ముక్కలైపోతుంది. అయినా ప్రయత్నాలు ఆగలేదు. 2017లో సిద్దిపేట జిల్లా నర్మెట్టలో నలభై టన్నులకు పైగా తూగే మూతబండను క్రేన్లు పెట్టి లేపి, లోపల దొరికిన అవశేషాలను డీఎన్ఏ పరీక్షకు హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి పంపారు. అంత బరువున్న బండను క్రేన్ లేని రోజుల్లో ఎలా తెచ్చి మూసి ఉంటారన్నది ఇప్పటికీ చూసినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న.

ఇనుముది ఇంకో కథ. మట్టిలో రెండు మూడు వేల ఏళ్లున్న బాకులో లోహం కొంచెమే మిగులుతుంది, మిగతాదంతా తుప్పు. గాలి అందని లోతులో ఆ తుప్పు ఒక నిలకడకు వచ్చి ఉంటుంది. బయటికి తీసిన మరుక్షణం ఆక్సిజన్, తేమ కొత్తగా దొరుకుతాయి. మట్టిలోంచి పీల్చుకున్న క్లోరైడ్ లవణాలు లోపల ఎదురుచూస్తుంటాయి. వారాల్లోనే తుప్పు పొరల మధ్య కొత్త తుప్పు పుట్టి, ఉబ్బి, బాకు పెచ్చులు పెచ్చులుగా విడిపోతుంది. దాన్ని ఆపాలంటే క్షార ద్రావణంలో నెలల తరబడి నానబెట్టి, ద్రావణం మారుస్తూ లవణాలు బయటికి లాగాలి. తర్వాత పొడి గాలిలో నిల్వ చేయాలి. ఆ ఏర్పాటు చేతిలో లేనప్పుడు తవ్వకపోవడమే సంరక్షణ. ఈ మాట గుప్తనిధుల వేటగాళ్లకు ఎక్కదు. ఈ సమాధుల్లో సాధారణంగా బంగారం ఉండదన్న మాట అసలే ఎక్కదు.

ఇక చట్టం. కేంద్రం రక్షించే కట్టడాల చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం, ఆ పైన 200 మీటర్లలో అనుమతితోనే. 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణతో ఈ దూరాలు గట్టిపడ్డాయి. రాష్ట్రానికి 2017లో వచ్చిన తెలంగాణ వారసత్వ చట్టం ఉంది. నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలన్న 1878 నాటి చట్టం ఇంకా అమల్లోనే ఉంది. అప్పటి పది రూపాయలే, ఇప్పటికీ మార్చలేదు. ఇన్ని ఉన్నా వీటిలో మొదటి రెండూ పనిచేసేది ఒక స్థలాన్ని గుర్తించి, గెజెట్‌లో పెట్టి, హద్దులు చెప్పాక. గుర్తించనిదానికి 100 మీటర్లూ లేదు, ఒక్క మీటరూ లేదు.

గుర్తించినా గండం గట్టెక్కినట్టు కాదు. హష్మత్‌పేట సమాధులు రాష్ట్ర రక్షిత స్థలమే. ఒకప్పుడు ఊరి బయటి రాళ్ల వాలు. ఇప్పుడు చుట్టూ కాలనీలు, మధ్యలో మిగిలినంత. ఆక్రమణల మీద వార్తలు ఏళ్లుగా వస్తూనే ఉన్నాయి. ఒక గుడి గోడను ఆక్రమిస్తే నలుగురు అడుగుతారు. రాళ్ల వలయంలో ఒక గుండు పక్కకు జరిగితే, అది జరిగిందని గమనించడానికైనా దాని పాత చోటు ఎక్కడో ముందే గీసి ఉండాలి. కాపలా పెట్టడానికి ముందు కావలసింది పటం.

ఔటర్ మీద తూర్పుగా శామీర్‌పేట దాటి కీసర దగ్గర దిగితే పూర్తిగా వేరే రకం చిక్కు. కీసరగుట్ట మీద రామలింగేశ్వరుడి గుడి, శివరాత్రి జాతర అందరికీ తెలుసు. అదే గుట్టమీద రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాల్లో విష్ణుకుండిన రాజుల కాలపు ఇటుక కట్టడాలు, కోటగోడ బయటపడ్డాయి. అక్కడి గుండుమీద చెక్కిన తొలి తెలుగు అక్షరాలను లిపి చరిత్ర రాసేవాళ్లు తప్పక తలుచుకుంటారు. జాతర రద్దీకి తోవలు, నీళ్ల ట్యాంకులు, పార్కింగు కావాలి. అవి తప్పులేని అవసరాలు. కానీ గుండ్లమీద పేర్లు రాసే రంగు డబ్బాకు, పదిహేను వందల ఏళ్ల అక్షరానికి మధ్య ఉన్న దూరం ఒక్క కుంచె వేటు.

బయటపడిన ఇటుక పునాదులకు శత్రువు మనిషి కన్నా నీరు. నేలలోని తేమ ఇటుక సన్నని రంధ్రాల గుండా పైకి పాకుతుంది. వెంట ఉప్పును తెస్తుంది. ఇటుక ముఖం దగ్గర నీరు ఆవిరవుతుంది, ఉప్పు స్ఫటికాలై ఉబ్బుతుంది, ముఖం పొడిపొడిగా రాలుతుంది. ఇలా రాలుతోందని మంచిమనసుతో సిమెంటు పూస్తే ఇంకా చెడుతుంది. సిమెంటు తేమను బయటికి పోనివ్వదు. ఆ తేమ మెత్తటి ఇటుకలోంచే దారి వెతుక్కుంటుంది. గానుగలో ఆడించిన డంగు సున్నం ఊపిరి పీల్చుకోనిస్తుంది. పగిలినా అదే పగులుతుంది, ఇటుకను లాక్కుపోదు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు 2013లో మొదలుపెట్టి 2024లో ముగించిన పనుల్లో పెద్ద భాగం ఇదే. గత శతాబ్దంలో పూసిన సిమెంటును ఒలిచి, సున్నంతో మళ్లీ పూత వేశారు.

ఇటుక పునాదులకు ఇంకో మందుంది, వినడానికి వింతగా ఉంటుంది. కొలతలు, ఫోటోలు తీసుకున్నాక మళ్లీ పూడ్చేయడం. పైన గుడ్డలాంటి నేతపొర, దానిమీద జల్లించిన ఇసుక, దానిమీద మట్టి. ఎండ, వాన, ఉప్పు, కాళ్లు ఏవీ తగలవు. టాంజానియాలోని లయెటోలిలో 1978లో మేరీ లీకీ బృందానికి దొరికిన 36 లక్షల ఏళ్ల నాటి అడుగుజాడలను అలాగే పూడ్చిపెట్టారు. పూడ్చిన మట్టితోపాటే చేరిన తుమ్మజాతి గింజలు మొలిచి వేళ్లు దిగుతున్నాయని తెలిసి, 1990 దశకం మధ్యలో గెట్టి సంస్థ వాళ్లు తెరిచి, వేళ్లు తీసి, ఇంకా జాగ్రత్తగా మళ్లీ పూడ్చారు. మన దగ్గర మాత్రం తవ్వి బయటపెట్టిందే ఘనత, పూడిస్తే ఏదో దాచేశారన్న అనుమానం.

నిజానికి తొందరలో కాపాడటం మనకు రాదని కాదు. నాగార్జునసాగర్ కడతారని తెలిశాక 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయంతా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో తవ్వారు. ముఖ్యమైన కట్టడాలను ఊడదీసి, ఇటుక ఇటుకకూ లెక్క పెట్టుకుని, గుట్టమీదికి చేర్చి మళ్లీ కట్టారు. శ్రీశైలం నీళ్లు వస్తున్నాయంటే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించారు. నీళ్లు ముంచుతాయంటే కదిలాం. ప్లాట్లు ముంచుతుంటే కదలడం లేదు. తేడా ఎక్కడంటే, ఆనకట్టకు ఒకే యజమాని, ఒకే తేదీ, ఒకే ముంపు రేఖ ఉంటాయి. లేఅవుట్లకు వేయిమంది యజమానులు, ఎవరి తేదీ వాళ్లది, ముంపు రేఖ గీసినవాడే లేడు.

లండన్‌కూ ఇదే గతి పట్టింది. 1989లో ఆఫీసు భవనానికి పునాదులు తీస్తుంటే షేక్‌స్పియర్ కాలపు రోజ్ నాటకశాల అడుగుభాగం బయటపడింది. నటులు, జనం రోడ్డెక్కారు. భవనం నమూనా మార్చి, అవశేషాలను ఇసుక, నీటి కింద పూడ్చి, వాటిపైన కట్టారు. ఆ గొడవ చల్లారకముందే 1990లో ఇంగ్లండ్‌లో కొత్త మార్గదర్శకం వచ్చింది. నిర్మాణ అనుమతి ఇచ్చేముందే నేలలో ఏముందో పరీక్షించాలి, ఆ ఖర్చు కట్టేవాడే పెట్టుకోవాలి. ఫ్రాన్సు 2001లో దీనికి చట్టమే చేసి, 2002లో ప్రత్యేక సంస్థ పెట్టింది. ఇలాంటి పరీక్షల తర్వాత చాలా స్థలాలు నమోదు చేసుకుని వదిలేసేవే. కట్టడం ఆగిపోయేవి తక్కువ. మన బిల్డర్లకు ఈ సంగతి చేరాలి. ఎందుకంటే ఇక్కడి భయం ఒక్కటే: పెంకు కనబడితే భూమి పోతుంది. ఆ భయమే రాత్రికి రాత్రి చదును చేయిస్తుంది. ఫలానా వారాల్లో పరీక్ష ముగుస్తుంది, ఆ తర్వాత రెండే దారులు, పార్కులో ఉంచడమో, తవ్వి నమోదు చేసి వదలడమో అని రాసిస్తే దాచిపెట్టాల్సిన అవసరం సగం పోతుంది. శిక్షలు పెంచడంకన్నా నాకు ఇదే పనికొచ్చేదిగా తోస్తుంది.

లెక్క కూడా అంత భయంకరమేమీ కాదు. పది మీటర్ల అడ్డం ఉన్న వలయం ఆక్రమించేది 94 గజాలు. చుట్టూ ఐదేసి మీటర్లు వదిలితే 376 గజాలు. అంటే 200 గజాల ప్లాట్లు రెండు కూడా కావు. ఎకరానికి 4,840 గజాలు. ఏ లేఅవుట్‌లోనైనా పార్కుకు కొంత నేల ఎలాగూ వదలాలి. ఆ పార్కు గీత ఎక్కడ గీయాలన్నదే ప్రశ్న. ఇరవై ముప్పై వలయాలు ఒకే వాలులో ఉన్న చోట ఈ లెక్క చెల్లదు. అది ప్రభుత్వం తీసుకోవాల్సిన స్థలం, లేదా కొన్నింటిని ఉంచి కొన్నింటిని శాస్త్రీయంగా తవ్వి వదులుకోవాల్సిన స్థలం. అలాంటి ఎంపిక చేయడానికైనా ఎన్ని ఉన్నాయో తెలియాలి.

తెలుసుకోవడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ప్రతి ఊరికీ నక్షా ఉంది, కొలతలు చూపే టీపన్ ఉంది, సర్వే నంబర్లున్నాయి. గైరాను, బంజరు నంబర్లను వేరుచేసి, పాత ఉపగ్రహ చిత్రాల్లో వాటిమీద గుండ్రటి ఆకారాలు వెతకాలి. పంట లేని ఎండాకాలంలో, సాయంత్రం ఏటవాలు ఎండలో డ్రోన్ ఎగరేస్తే చిన్న ఉబ్బులు కూడా నీడతో తేలిపోతాయి. తర్వాత కాలినడకన తనిఖీ. ఊళ్లో గొర్రెలు మేపే పెద్దమనుషుల్ని అడగడం డ్రోన్‌కన్నా ముందు చేయాల్సిన పని. ఏ మిట్టమీద రాకాసి గుళ్లున్నాయో వాళ్లకు తెలుసు. తేలినవాటిని సర్వే నంబరుతో సహా లేఅవుట్ అనుమతులిచ్చే కంప్యూటర్‌లో చేర్చాలి. చెరువు శిఖంలో పడితే ఆ కంప్యూటర్ ఎలా ఆపుతుందో అలా ఇక్కడా ఆపాలి. కదలించకుండా కాపాడితే ఎంత దూరం వెళ్లవచ్చో చూపించింది నారాయణపేట జిల్లా ముడుమాల. ఆ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. ఊరివాళ్లు వాటిని నిలురాళ్ల తిమ్మప్పగా కొలవడం కూడా వాటిని నిలబెట్టిందనుకోవాలి.

కండ్లకోయలో అటవీశాఖ ఆక్సిజన్ పార్కు ఉంది కదా, అడవి భూమి అయితే భద్రమే కదా అనుకుంటాం. కంచె మేలే. అయితే మొక్కకో గుంత, వాననీటికో కందకం తవ్వేది అక్కడే. మొక్కల గుంతల వరస ఒక వలయం మధ్యలోంచి పోయిందంటే అది జేసీబీకి తీసిపోదు. గుంతలు తవ్వేముందు ఒకసారి నడిచి చూసి, వలయాలున్నచోట సున్నం గీత గీసి వదిలేస్తే చాలు, మొక్కలకు ఇంకా బోలెడు చోటుంది.

మీ ఊరి మిట్టమీద ఇలాంటిది కనిపిస్తే పెంకు కూడా తీయకండి, దాని చోటే దాని సాక్ష్యం. నాలుగు దిక్కుల నుంచీ ఫోటోలు తీయండి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఉంచండి. సైజు తెలియడానికి పక్కన కర్ర స్కేలు పెట్టండి, లేకపోతే మీ చెప్పు పెట్టినా సరే. వలయం అడ్డాన్ని అడుగులేసి కొలవండి, గుండ్లు లెక్కపెట్టండి, మధ్యలో గొయ్యి ఉందో లేదో రాయండి. సర్వే నంబరు తెలిస్తే అదీ రాసి, తహసీల్దారుకు ఒక కాపీ, రాష్ట్ర వారసత్వ శాఖకు ఒక కాపీ ఇవ్వండి. రెండింటికీ ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. ఫోటోలు సోషల్ మీడియాలో పెడితే పెట్టండి కానీ లొకేషన్ మాత్రం తీసేయండి, శాఖవాళ్లకన్నా ముందు గుప్తనిధులవాళ్లు చేరుకుంటారు.